బండికి తలంటు

(ఇంటింటి విజ్ఞానం)

బాలలూ! ఆదివారం తలంటు అనగానే మీలో చాలామంది తలుపు చాటుకు పోతారు. అమ్మ వెతికి పట్టుకుని పీట మీద కూచోబెడుతుంది. ముందు నూనె, తరవాత కుంకుడు రసం. కళ్ళు మండుతాయి, కేకలు వేస్తారు. అంతా అయిన తరవాత ఒళ్ళు ఎంత తేలికగా ఉంటుందో, భోజనం చేయగానే ఎంత హాయిగా నిద్ర వస్తుందో మీకు తెలిసిందే గదా!

మీ ఇంట్లో తలంటు కావలసినవాళ్ళు ఇంకొకరున్నారు. వారం పొడుగునా అందరినీ మోసి, వాకిట్లో స్టాండు మీద అలిసి నిలబడ్డ మోటారు సైకిలు! కాని దాని తలంటు మన తలంటుకు తలకిందులు. మనకు ముందు నూనె, తరవాత స్నానం. దానికి ముందు స్నానం, తరవాత నూనె. ఎందుకో ఈ నెల చెప్పుకుందాం.

దుమ్ము ఊళ్ళో బండి

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం పిల్లలకు దుమ్ము సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఉప్పల్ కూడలి నుంచి వరంగల్లు రోడ్డు బయలుదేరుతుంది. ఆ రోడ్డు మీద నారపల్లి దాకా ఎత్తైన వంతెన కట్టే పని 2018లో మొదలయింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి కింద పోయే బళ్ళన్నీ ఎండాకాలం దుమ్ములోనూ, వానాకాలం గుంతల బురదలోనూ ఈదులాడుతూ పోయినవే. నాచారంలో పారిశ్రామిక వాడ ఉన్నది. అక్కడికి సరుకు తెచ్చే లారీల వెనక పోయే మోటారు సైకిళ్ళకు లారీ లేపిన మట్టి అంతా వచ్చి పడుతుంది.

"అయితే ఏం మామయ్యా? రేపు మళ్ళీ దుమ్ము పడేదేగా! ఎందుకు కడగటం?" అని మీలో ఎవరో అడగనే అడుగుతారు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఉప్పల్‌లోనే ఉన్నది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైళ్ళు మొదలైనాయి గదా. నాగోలు స్టేషను దగ్గరే ఆ రైళ్ళకు పెద్ద డిపో ఉన్నది. దాన్ని ఉప్పల్ డిపో అంటారు. రైళ్ళు అక్కడికి చేరినప్పుడు వాటిని కడుగుతారు, శుభ్రం చేస్తారు, చక్రాలూ బ్రేకులూ తలుపులూ పరీక్షిస్తారు. కడిగేది అందం కోసమే అయితే ఇంత పెద్ద డిపో దేనికి? మట్టి కింద దాగిన పగులు కంటికి కనిపించదు. మట్టి పోతే కనిపిస్తుంది. ముందుగా కనిపించిన లోపం చిన్న పనితో పోతుంది. కనిపించకుండా పెరిగిన లోపం దారిలో ప్రాణం మీదికి తెస్తుంది.

మీ ఇంటి బండి సంగతీ అంతే. ఉప్పల్ కూడలిలో వెనక లారీ వస్తూండగా చైను తెగితే ఏమవుతుంది? ఆ బండి మీద ఉన్నది మీ నాన్నో, అమ్మో, అన్నయ్యో! ఇంటింటికీ సరుకులు అందించే పని చేసే అన్నలకు బండి ఆగిందంటే ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకోండి: బండిని తుడవటమంటే బండిని చూడటం. మెరుపు దానికి పైన వచ్చే కొసరు మాత్రమే.

ఎవరి పని ఎవరిది?

పని మొదలుపెట్టే ముందు హద్దులు చెప్పుకోవాలి. నీళ్ళు పొయ్యటం, గుడ్డతో తుడవటం, టైర్లూ దీపాలూ చూడటం, కనిపించింది పెద్దవాళ్ళకు చెప్పటం పిల్లల పని. చైను జోలికీ, కిరసనాయిలు జోలికీ, బ్యాటరీ జోలికీ పోవటం పెద్దవాళ్ళ పని. పిల్లలు దూరంగా నిలబడి చూడవచ్చును.

బండి ఆపి కనీసం అరగంట అయిన తరవాతే దగ్గరికి వెళ్ళాలి. సైలెన్సరు చూడటానికి చల్లగానే కనిపిస్తుంది. నిప్పులాగా ఎర్రగా ఉండదు కదా! కాని ముట్టుకుంటే చర్మం ఊడివస్తుంది. ఎవరికైనా పొరపాటున కాలితే వెంటనే కాలినచోట కుళాయి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. మంచుగడ్డ పెట్టకూడదు. పసుపు, పళ్ళ పేస్టు, నూనె పూయకూడదు. తరవాత డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి: తాళంచెవి తీసి నాన్న జేబులో వేసుకోవాలి. బండిని రెండు కాళ్ళ స్టాండు మీద, చదునైన చోట నిలబెట్టాలి. పక్క స్టాండు మీద వాలి ఉన్న బండిని తోస్తే మీద పడుతుంది.

స్నానం

నీడపట్టున కడగటం మంచిది. ఎండలో కాలిన ట్యాంకు మీద సబ్బునీళ్ళు పోస్తే, తుడిచేలోగానే ఆరిపోయి మరకలు కడతాయి. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు వాడతారు. హైదరాబాదు నిలిచి ఉన్నదే నల్లరాతి వంటి గట్టి గ్రానైటు మీద. ఆ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! ఆ రాతి పగుళ్ళలో ఊరిన నీటిలో సున్నమూ, మెగ్నీషియమూ వంటి లవణాలు కరిగి ఉంటాయి. అలాంటి నీటిని కఠిన జలం అంటారు. అందులో సబ్బు సరిగా నురగ రాదు. నీళ్ళు ఆరితే లవణం మాత్రం మిగిలి తెల్లని చుక్కలవుతుంది. అందుకే కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. వాన నీళ్ళు పట్టి ఉంచితే మరీ మంచిది. ఆకాశం నుంచి వచ్చే నీటిలో సున్నం ఉండదు గదా!

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో సబ్బునీళ్ళు, ఒకదానిలో మామూలు నీళ్ళు. ముందు మగ్గుతో పైనుంచి నీళ్ళు పోసి మట్టిని నాననివ్వాలి. పొడి గుడ్డతో పొడి దుమ్మును ఎన్నడూ రుద్దకూడదు. దుమ్ములో ఉన్నది మెత్తని మన్ను మాత్రమే కాదు. సన్నని ఇసుక కూడా. ఇసుక అంటే రాతిపొడి. రాతిపొడి పెట్టి రుద్దితే రంగు మీద గీతలు పడక ఏమవుతాయి? నానిన తరవాత మెత్తని గుడ్డను సబ్బునీటిలో ముంచి పైనుంచి కిందికి తుడవండి. గుడ్డకు మట్టి పట్టినప్పుడల్లా రెండో బకెట్టులో జాడించండి. చక్రాలకు వేరే గుడ్డ ఉంచాలి.

"సబ్బు జిడ్డును ఎలా లాగుతుంది?" అంటారా? సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయనుకోండి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. వేలకొద్దీ తోకలు జిడ్డుబొట్టును పట్టుకుంటాయి. తలలు నీటిలోకి లాగుతాయి. జిడ్డు చిన్న చిన్న ఉండలై నీటితో వెళ్ళిపోతుంది.

కొందరు సర్వీసు దుకాణాల్లో గొట్టంతో పెద్ద ధారగా నీళ్ళు కొట్టిస్తారు. మట్టి త్వరగానే పోతుంది. కాని ఆ ధారను చక్రాల నడిమి బేరింగుల మీద దగ్గరగా కొడితే లోపలి గ్రీజు కూడా పోతుంది. స్విచ్చుల్లోకి, తీగల కీళ్ళలోకి నీళ్ళు దూరి దీపాలు వెలగవు. సైలెన్సరు మూతికీ, తాళంచెవి రంధ్రానికీ ప్లాస్టిక్కు సంచీ చుట్టి కడగటం మంచి అలవాటు. కడగటం అయినాక ఆ సంచీ తీయటం మరవకూడదు సుమా!

ఇంజను చుట్టూ పలకలు పలకలుగా రెక్కలున్నాయి, చూశారా? అవి అందానికి పెట్టినవి కావు. వేడి అన్నం గిన్నెలో ఉంటే ఎంతసేపటికీ చల్లారదు. పళ్ళెంలో పరిస్తే ఇట్టే చల్లారుతుంది. గాలి తగిలే మేర ఎక్కువైతే వేడి త్వరగా పోతుంది. ఇంజను రెక్కలు చేసే పనీ అదే. వాటి మధ్య బురద ఎండి గట్టిపడితే ఇంజనుకు కంబళి కప్పినట్టే. పాత పళ్ళ బ్రష్షుతో ఆ సందులు గీకండి. ఇంజను బాగా చల్లారిన తరవాతనే!

తుప్పు అంటే ఏమిటి?

స్నానం అయిన తరవాత నూనె ఎందుకో ఇప్పుడు చూద్దాం. ఇనుముకు శత్రువు ఒకటి ఉన్నది. దాని పేరు తుప్పు. గాలిలో ఉండే ఆక్సిజనూ, తడీ రెండూ కలిసి ఇనుము మీద పడితే తుప్పు పుడుతుంది. రెండిట్లో ఏ ఒకటి లేకపోయినా పుట్టదు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల పొరలు పొరలుగా ఉబ్బి రాలిపోతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది. దాన్నీ తింటుంది. చెద పట్టినట్టు అన్నమాట! అల్యూమినియానికి కూడా ఆక్సిజను పడుతుంది కాని, దాని పొర గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కాపాడుతుంది.

మన తెలుగునాట ఉక్కుకు గొప్ప చరిత్ర ఉన్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పూర్వం పర్షియా వర్తకులు కొని తీసుకుపోయేవారు. కత్తులు చెయ్యటానికి దానికి పేరు. అంత గొప్ప ఉక్కు కత్తికి కూడా నూనె రాసి ఒరలో పెట్టవలసిందే. ఢిల్లీలో సుమారు 1,600 ఏళ్ళనాటి ఇనుప స్తంభం ఎందుకు తుప్పు పట్టిపోలేదంటే, ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల స్తంభం మీద గట్టి పొర ఏర్పడి కాపాడింది. బండి చైనుకు అలాంటి పొర లేదు. దానికి నూనే రక్ష.

చేసి చూడండి: నాలుగు కొత్త ఇనుప మేకులు, నాలుగు గాజు సీసాలు తీసుకోండి. మొదటి సీసాలో మేకు వేసి సగం మునిగేట్టు నీళ్ళు పోయండి. రెండోదానిలో మేకు వేసి, పెద్దవాళ్ళ చేత బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళు మేకు పూర్తిగా మునిగేట్టు పోయించి, పైన వేలెడు మందాన మంచినూనె పోయండి. మూడోదానిలో పొడి మేకు వేసి మూత గట్టిగా బిగించండి. నాలుగో మేకుకు కొబ్బరినూనె బాగా పట్టించి, మొదటిదానిలాగే సగం నీళ్ళలో పెట్టండి. వారం రోజులు రోజూ చూసి పుస్తకంలో రాయండి. ఏది ముందు ఎర్రబడింది? ఎందుకు? మరిగిన నీటిలో కరిగిన గాలి వెళ్ళిపోతుంది. పైనున్న నూనె కొత్త గాలిని రానివ్వదు. ఈ సూచనతో మిగతాది మీరే తేల్చగలరు.

చైను కథ

ఇప్పుడు చైను దగ్గరికి వద్దాం. ఈ రకం చైనును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు తయారుచేశాడు. చిన్న చిన్న ఉరుళ్ళు పళ్ళచక్రం మీద దొర్లుతూ పోతాయి కనక రాపిడి తక్కువ. అయిదేళ్ళ తరవాత, 1885లో, జర్మనీలో డైమ్లర్, మేబాఖ్ అనే ఇద్దరు పెట్రోలు ఇంజనుతో రెండు చక్రాల బండి నడిపించారు. దాని చట్రం కొయ్యది. నేటి మోటారు సైకిలు ఆ బండి మునిమనవడే. చైను మటుకు ఇంచుమించు రెనాల్డ్ చేసినట్టే ఉన్నది!

"చైను సాగింది" అని మెకానిక్కు అంటాడు. ఇనుము రబ్బరులాగా సాగుతుందా? సాగదు. లెక్క చూడండి. చాలా చిన్న బళ్ళలో చైను లింకు ఒక్కొక్కటి 12.7 మిల్లీమీటర్ల పొడుగు. ఇలాంటివి 110 లింకులున్నాయనుకుందాం. దుమ్ము, ఇసుక నూనెలో కలిసి రుబ్బుడు పిండిలాగా అయి, ప్రతి లింకు లోపలి పిన్నును వెంట్రుక మందం, అంటే 0.1 మిల్లీమీటరు, అరగదీసిందనుకోండి. ఒక్క లింకులో అది కంటికి కనిపించనే కనిపించదు. కాని 110 లింకులకు కలిపి 11 మిల్లీమీటర్లు! చైను వదులై, పళ్ళ మీద నుంచి జారి, చక్రానికి చుట్టుకుంటుంది. కనిపించని అరుగుదల కలిసి కలిసి కనిపించే అపాయం అవుతుంది. అందుకే మట్టి కడగకుండా చైను మీద నూనె పోయటం పని కాదు. ఇసుకకు నూనె కలిపి మనమే రుబ్బుడు పిండి చేసి ఇచ్చినట్టవుతుంది. ముందు స్నానం, తరవాత నూనె అని చెప్పింది ఇందుకే!

చైను శుభ్రం చేసే పెద్దలకు నాలుగు మాటలు:

1. ఇంజను ఆపి, బండిని రెండు కాళ్ళ స్టాండు మీద పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. ఇంజను నడుస్తూండగా గుడ్డతో చైను తుడవటం కన్నా పెద్ద ప్రమాదం లేదు. చైను గుడ్డను లాగుతుంది, గుడ్డతో వేళ్ళను లాగుతుంది. రెప్పపాటులో వేళ్ళు తెగిపోతాయి. చక్రం తిప్పేటప్పుడు పిల్లల చేతులు దగ్గరలో ఉండకూడదు.

2. పెట్రోలుతో కడగవద్దు. దాని ఆవిరి కంటికి కనిపించకుండా నేల మీద పాకిపోయి, దూరాన ఉన్న దీపం దగ్గర కూడా అంటుకుంటుంది. పైగా కొన్ని చైన్లలో సన్నని రబ్బరు వలయాలుంటాయి. అవి పాడవుతాయి. చైనుకోసమే అమ్మే ద్రవమో, కొద్దిగా కిరసనాయిలో బ్రష్షుతో రాసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

3. నూనెను చైను లోపలి వైపు వెయ్యాలి. తడిసిన గొడుగును తిప్పితే నీటిబొట్లు బయటికి చిమ్ముతాయి గదా. అలాగే చైను తిరిగేటప్పుడు నూనె లోపలి నుంచి బయటికి పాకి పిన్నుల్లోకి చేరుతుంది. కాసేపాగి, పైన మిగిలింది తుడిచేయాలి. జిడ్డు ఎక్కువైతే దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

4. ఎన్ని కిలోమీటర్లకు నూనె వెయ్యాలో, చైను ఎంత వదులుండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బాగా వానలో తడిసిన తరవాత మాత్రం కిలోమీటర్ల లెక్క చూడనక్కరలేదు.

కొన్ని బళ్ళలో చైను డబ్బాలాంటి కవరులో మూసి ఉంటుంది. దాన్ని మెకానిక్కు విప్పితేనే మంచిది. స్కూటర్లలో చాలావాటికి చైనే ఉండదు. లోపల బెల్టు ఉంటుంది. బెల్టుకు నూనె తగిలితే జారిపోతుంది. కనక స్కూటరుకు ఈ తలంటులో స్నానమే కాని నూనె లేదు!

బండి ఊపిరి

బండి పెట్రోలు తాగుతుందని అందరికీ తెలుసు. అంతకన్నా ఎక్కువగా గాలి పీలుస్తుందని ఎందరికి తెలుసు? ఒక కిలో పెట్రోలు చక్కగా మండటానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. లెక్క కడితే ఒక్క లీటరు పెట్రోలుకు తొమ్మిది పది వేల లీటర్ల గాలి! ఆ గాలి ఉప్పల్ రోడ్డు మీదిదే. అందులో దుమ్మంతా ఉంటుంది. దాన్ని వడగట్టటానికి ఒక ఫిల్టరు ఉన్నది. అమ్మ టీ వడగట్టే జల్లెడలో ఆకు నిండిపోతే టీ దిగుతుందా? ఫిల్టరు నిండిపోయినా అంతే. బండికి ఆయాసం వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దుమ్ము ఊళ్ళలో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే ఫిల్టరు చూపించాలి.

తుడుస్తూ చూడవలసినవి

ఇక్కడ పిల్లల కళ్ళు పెద్దల కళ్ళకన్నా మేలు. మీరు పొట్టివాళ్ళు, బండి కింది భాగాలు మీ కంటికి ఎదురుగానే ఉంటాయి. ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి.

టైర్లు: గుచ్చుకున్న మేకులు, గాజుపెంకులు ఉన్నాయా? ఉంటే మీరు పీకవద్దు. అక్కడికక్కడే గాలి పోతుంది. పెద్దవాళ్ళకు చూపండి. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు కొన్నిచోట్ల ఉంటుంది. దానికి ఎదురుగా గాడిలోకి చూస్తే చిన్న గట్టు కనిపిస్తుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చవలసిన వేళ వచ్చిందన్నమాట. గాళ్ళు ఎందుకు? వాననీటిని పక్కకు తోసి టైరును రోడ్డుకు అంటించటానికి.

బ్రేకులు: బ్రేకు తీగ చివర ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకు వచ్చినా వెంటనే చెప్పాలి. మిగిలిన పోగులు ఎన్నాళ్ళు మోస్తాయి? డిస్కు బ్రేకు ఉంటే ఆ పళ్ళెం మీద నూనెచుక్క గాని, పాలిషు గాని పడనివ్వకూడదు.

దీపాలు: నాన్న బ్రేకు నొక్కుతారు, మీరు వెనక నిలబడి ఎర్రదీపం వెలిగిందో లేదో చెప్పండి. బండి నడిపేవారికి ఆ దీపం ఎప్పటికీ కనిపించదు. మీరు చెబితేనే తెలుస్తుంది!

చీరె రక్ష: వెనక చక్రానికి ఎడమవైపు ఉండే కమ్మీల చట్రం గట్టిగా ఉన్నదా? దాని మరలు ఊడితే అమ్మ చీరె కొంగో, అక్క చున్నీయో చక్రంలో పడుతుంది.

పాలిషు సంగతి ఒక మాట. సీటు మీదా, కాలు పెట్టే రబ్బర్ల మీదా, టైరు నడినెత్తినా పాలిషు పూయవద్దు. సీటు అద్దంలా మెరిస్తే, బ్రేకు వెయ్యగానే వెనక కూచున్నవాళ్ళు జారుబండ ఆడవలసివస్తుంది.

హెల్మెట్టును మరిచిపోకండి. చల్లని నీళ్ళు, కొంచెం తేలిక సబ్బు చాలు. నీడలో ఆరబెట్టాలి. పెట్రోలు, కిరసనాయిలు, రంగు కరిగించే ద్రవాలు తగిలితే దాని గుల్ల పైకి బాగానే కనిపిస్తూ లోపల బలం పోగొట్టుకుంటుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పని అయిపోయినట్టే. అది ఒక ప్రాణం కాపాడి రిటైరయింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన నియమం ప్రకారం, నాలుగేళ్ళ లోపు చిన్నపిల్లలను బండి మీద తీసుకుపోతే వాళ్ళను నడిపేవారికి పట్టీతో కట్టి ఉంచాలి. తొమ్మిది నెలలు దాటిన పాపకు దాని తలకు సరిపోయే హెల్మెట్టు పెట్టాలి. బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఈ నియమం మరుసటి ఏడు అమలులోకి వచ్చింది.

కడిగిన తరవాత బ్రేకులు తడిసి ఉంటాయి. తడి బ్రేకు సరిగా పట్టదు. అందుకని నాన్న వీధిలోనే నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి ఆరబెట్టిన తరవాతే పెద్ద రోడ్డు ఎక్కాలి.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

బండి శుభ్రమైంది. మురికి మాయమైందా? లేదు, చోటు మారింది, అంతే. వీధి కాలవలో పోసిన నీళ్ళు నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి పోతాయి. ఉప్పల్‌కు నల్లచెరువు ఉన్నది, నాచారానికి పెద్దచెరువు ఉన్నది. దిగువన మూసీ ఉన్నది. మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం దాటి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఉప్పల్ దిగువ ఊళ్ళ రైతులు ఆ నీటితోనే పశువులకు గడ్డీ, వరీ పండిస్తున్నారు.

"మేం పోసింది ఒక్క చెంచా నూనేగా!" అనకండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు విన్నారు గదా, గాలిపటంతో మెరుపు సంగతి తేల్చిన పెద్దమనిషి. ఆయన లండను దగ్గర క్లాఫాం అనే చోట ఒక చెరువులో ఒక్క టీచెంచా నూనె పోసి చూశాడు. అది పాకి పాకి అర ఎకరం మేర నీటిని అద్దంలా చేసింది! ఈ సంగతి 1774లో అచ్చయింది. ఒక్క చెంచాకు అర ఎకరమైతే, పాత ఇంజను ఆయిల్ డబ్బాడు నాలాలో పోస్తే ఎంత మేర? ఇంజను ఆయిల్‌లో లోహపు పొడీ, విషపదార్థాలూ కూడా ఉంటాయి. దాన్ని మెకానిక్కు దగ్గర ఇవ్వాలి. పాత ఆయిల్‌ను శుద్ధిచేసి మళ్ళీ పనికి తెచ్చే కర్మాగారాలున్నాయి. చైను తుడిచేటప్పుడు కింద పాత కాగితాలు పరిచి, జిడ్డుగుడ్డలతో సహా విడిగా కట్టి చెత్తబండివాళ్ళకు చెప్పి ఇవ్వండి.

నీళ్ళకు కూడా లెక్క ఉన్నది. మీ ఇంటి గొట్టంతో 15 లీటర్ల బకెట్టు ఎన్ని సెకండ్లలో నిండుతుందో చూడండి. నిమిషంలో నిండిందనుకుందాం. గొట్టం ఇరవై నిమిషాలు తెరిచి ఉంచితే 300 లీటర్లు. రెండు బకెట్లతో కడిగితే 30. మిగిలిన 270 లీటర్లు దాహానికి ఉపయోగపడేవి. నగరానికి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఎత్తు ఎక్కి వస్తున్నాయి. 2024 మార్చిలో బెంగుళూరులో నీటి కరువు వచ్చినప్పుడు, తాగేనీటితో బళ్ళు కడిగినవారికి అయిదు వేల రూపాయల జరిమానా పెట్టారు. అంతదాకా తెచ్చుకోవటం దేనికి? బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోసే అమ్మను చూసి నేర్చుకుందాం.

వచ్చే ఆదివారం మీ నాన్న బండి కడుగుతూంటే కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కన కూచోండి. కనిపించింది రాయండి: "వెనక టైరు అరిగింది, ఎర్రదీపం వెలగలేదు, ఎడమ వైపు ఒక మర వదులు". సాయంత్రం బండి మెకానిక్కు దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితం నాన్న జేబులో ఉండాలి. ఎంత మెరిసే పాలిషయినా ఆ కాగితంతో సరిరాదు.

ఆలోచించి చెప్పండి

1. వానలో తడిసిన రోడ్డు మీద నూనెచుక్క పడితే ఇంద్రధనుస్సు రంగులు ఎందుకు కనిపిస్తాయి?
2. చైనుకు నూనె వేస్తాం. డిస్కు బ్రేకుకు ఎందుకు వెయ్యం?
3. మెరిసే స్టీలు గ్లాసు నీటిలో ఎన్నాళ్ళున్నా తుప్పు పట్టదు, మేకు పడుతుంది. రెండూ ఇనుముతో చేసినవే గదా, ఎందుకు?

జవాబులు: 1. నూనె పొర చాలా పల్చన. దాని పైనుంచి తిరిగివచ్చే వెలుగూ, అడుగు నుంచి తిరిగివచ్చే వెలుగూ కలుసుకున్నప్పుడు, పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణగిపోతాయి. 2. చైనుకు రాపిడి శత్రువు, బ్రేకుకు రాపిడే ప్రాణం. 3. స్టీలు గ్లాసులో ఇనుముతో క్రోమియం కలిసి ఉంటుంది. క్రోమియం ఆక్సిజనుతో కలిసి కంటికి కనిపించని గట్టి పొరగా ఏర్పడి ఇనుమును కాపాడుతుంది.